పని ఒక దిక్కు, మనం ఒక దిక్కు
హైదరాబాద్ శివార్లలో ఉపాధి ఎట్ల మారుతూ వచ్చింది



ప్రతి ఏటా మన వార్షిక నివేదికల పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు, వచ్చిన మీటింగులు రాస్తున్నం. ఈసారి ఒక చరిత్ర వ్యాసం కూడా రాయాలని కార్యవర్గం అనుకున్నది. మేం పదో తరగతి చదివినోళ్లం. చరిత్ర అంటే మాకు రాజులు, యుద్ధాలు, పరీక్షల వచ్చే తారీఖులే గుర్తుకొస్తయి. అయితే ఒక నెల మీటింగుల లేచిన ప్రశ్నకు మా దగ్గర జవాబు లేకపోయింది. అది వెతుక్కుంటూ పోతే చరిత్ర దగ్గరికే పోవాల్సి వచ్చింది.

ఆ ప్రశ్న ఏందంటే ఇది. మా సంఘంల ఒక అక్క వరుసగా రెండు నెలలు అప్పు వాయిదా కట్టలేదు. ఆమె పదకొండేండ్లు ఒక మందుల కంపెనీల ప్యాకింగ్ పని చేసింది. ఇంటి నుంచి నడిచిపోతే పావుగంట. ఆ కంపెనీ ఔటర్ రింగు రోడ్డు అవతలికి పోయింది. అక్కడికి పోనీకి బస్సు లేదు. ఆమె ఆరు నెలలు ఇంట్ల కూర్చొని, ఆఖరికి కొండాపూర్ దిక్కు ఒక ఆఫీసుల హౌస్‌కీపింగ్ పనికి చేరింది. అదే ఆఫీసుల ఆమె తోటికోడలు కూడా పని చేస్తది. ఆమె అక్కడనే ఒక రూము కిరాయికి తీసుకొని ఉంటది. ఇద్దరిదీ ఒకటే పని, ఒకటే డ్యూటీ టైము, ఒకటే జీతం, 11 వేలు. కానీ తోటికోడలు తన సంఘంల వాయిదా తప్పకుండ కడుతున్నది, మా అక్క కట్టలేకపోతున్నది.

"ఇద్దరం ఒకటే చీపురు పట్టుకుంటున్నం. మరి నాకెందుకు సాలుత లేదు?" అని ఆ అక్క మీటింగుల అడిగింది. ఖర్చు ఎక్కువ పెడుతున్నవేమో అని ఒకరన్నరు. మొగడు తాగుతడేమో అని ఇంకొకరన్నరు. రెండూ నిజం కాదు. ఆమె రోజు ఎట్ల గడుస్తున్నదో లెక్క రాసి చూసినంక గానీ మాకు అర్థం కాలేదు. ఆ లెక్క తర్వాత చెప్తం. ముందు పని మన దిక్కు నుంచి అటు దిక్కుకు ఎట్ల పోయిందో చెప్పాలె.

మాది మల్లాపూర్, నాచారం, చర్లపల్లి నడుమ ఉన్న బస్తీ. నగరానికి తూర్పున ఉంటం. వాళ్లది శేరిలింగంపల్లి దిక్కు, పడమర. 2007ల జీహెచ్ఎంసీ ఏర్పడేదాకా ఈ రెండూ నగరం బయటి శివార్లే. మన దిక్కు కాప్రా, ఉప్పల్ మున్సిపాలిటీలు ఉండేవి, అటు దిక్కు శేరిలింగంపల్లి మున్సిపాలిటీ ఉండేది. పన్నెండు మున్సిపాలిటీలు, ఎనిమిది గ్రామ పంచాయతీలు కలిపి ఒకే నగరం చేసిండ్రు. బోర్డుల మీద నగరం ఒకటైంది. పని మాత్రం అందరికీ ఒక్క తీరుగ పంచలేదు.

రైలు పట్టాల కాలం

మా బస్తీ పెద్దమనుషులను, రిటైరైన కార్మికులను అడిగితే అందరూ మొదలుపెట్టేది రైలు దగ్గరనే. నిజాం కాలంల 1874ల సికింద్రాబాద్ నుంచి వాడి దాకా రైలు పడ్డది. 1893ల లాలాగూడల రైల్వే వర్క్‌షాపు పెట్టిండ్రు. మన దిక్కు నెల జీతం అంటే ఏందో చాలా కుటుంబాలకు మొట్టమొదట తెలిసింది అక్కడి నుంచే అని చెప్తరు. ఇప్పటికీ మా సంఘాలల్ల "మా తాత లాలాగూడ వర్క్‌షాపుల చేసిండు" అనేటోళ్లు ఉన్నరు.

తర్వాత 1920ల డీబీఆర్ మిల్లు వచ్చింది. 1930ల వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ వచ్చింది, దాన్నే మనోళ్లు చార్మినార్ సిగరెట్ ఫ్యాక్టరీ అంటరు. ఆజమాబాద్, సనత్‌నగర్ పారిశ్రామిక వాడలు ఏర్పడ్డయి. 1942ల ఆల్విన్ మొదలైంది. ఆల్విన్ ఫ్రిజ్, ఆల్విన్ వాచీ, ఆల్విన్ బస్సు బాడీ అంటే మన పెద్దోళ్లకు ఇప్పటికీ గర్వమే.

ఆ రోజుల్ల ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టాలన్నా బొగ్గు రావాలె, ఇనుము రావాలె, తయారైన సరుకు పోవాలె. అన్నిటికీ రైలే ఆధారం. అందుకే పని పట్టాల వెంట పోయింది. అప్పట్ల మాదాపూర్, గచ్చిబౌలి అంటే బండరాళ్లు, చెరువులు, మెట్ట చేన్లు. ఆ రోజు ఎవరన్నా "మీ బిడ్డలు పని కోసం మాదాపూర్ పోతరు" అని చెప్తే మన పెద్దలు నవ్వేటోళ్లు.

సర్కారు కంపెనీల కాలం

స్వాతంత్ర్యం వచ్చినంక కేంద్ర ప్రభుత్వం పెద్ద పెద్ద కంపెనీలు పెట్టుడు మొదలుపెట్టింది. 1960ల్లో మన నగరం చుట్టూ అవి వరుసగ వచ్చినయి. ఐడీపీఎల్ కంపెనీ 1961ల ఏర్పడ్డది, దాని మందుల ఫ్యాక్టరీ ఒకటి బాలానగర్ దగ్గర వచ్చింది. రామచంద్రాపురంల బీహెచ్ఈఎల్, బాలానగర్‌ల హెచ్ఏఎల్, నర్సాపూర్ రోడ్డు మీద హెచ్ఎంటీ వచ్చినయి. మన దిక్కు 1967ల ఈసీఐఎల్ వచ్చింది, 1971ల ఎన్ఎఫ్‌సీ వచ్చింది. ఈసీ టీవీ తయారైంది ఇక్కడనే. ఇప్పుడు మనం ఓటేసే ఈవీఎంలు తయారు చేసే రెండు కంపెనీలల్ల ఈసీఐఎల్ ఒకటి. ఇప్పటికీ బస్సు బోర్డు మీద ఊరి పేరు లెక్క "ఈసీఐఎల్" అని రాస్తరు. అంటే ఒక కంపెనీ పేరే ఒక ఊరైపోయింది.

1973ల ఏపీఐఐసీ ఏర్పడ్డది. రైతుల దగ్గర భూములు తీసుకొని, ప్లాట్లు చేసి, రోడ్డు వేసి, కరెంటు, నీళ్లు ఇచ్చి చిన్న చిన్న ఫ్యాక్టరీలకు ఇచ్చుడు దాని పని. జీడిమెట్ల, నాచారం, మల్లాపూర్, ఉప్పల్, చర్లపల్లి, కాటేదాన్, పటాన్‌చెరు ఐడీఏలు అట్ల పెరిగినయి. కుషాయిగూడల ఎలక్ట్రానిక్ కాంప్లెక్సు కూడా అట్ల వచ్చిందే.

ఈ ఏర్పాటు ఎట్ల పని చేసేదో ఒక రిటైరైన ఫిట్టర్ తాత మాకు ఓపికగా చెప్పిండు. పెద్ద కంపెనీ తల్లి లాంటిది. దానికి కావాల్సిన నట్లు, బోల్టులు, వైర్లు, డబ్బాలు, ప్యాకింగ్ అట్టలు చుట్టూ ఉన్న చిన్న యూనిట్లు చేసి ఇస్తయి. పెద్ద కంపెనీల వెయ్యి మందికి పని దొరికితే, దాని చుట్టూ చిన్న యూనిట్లల్ల, హోటళ్లల్ల, కిరాయి ఇండ్లల్ల, లారీల మీద ఇంకా చాలా మందికి పని దొరుకుతది. కంపెనీకి కాలనీ ఉంటది, కాలనీకి బడి ఉంటది, దవాఖాన ఉంటది, కంపెనీ బస్సు ఉంటది. ఒక్క గేటు చుట్టూ ఒక ఊరంత బతుకు.

అయితే ఒక మాట దాచకుండ చెప్పాలె. ఆ గేటు లోపల పర్మినెంటు నౌకరీలు దొరికింది ఎక్కువగ మొగోళ్లకే. దానికి చదువు, ట్రైనింగు ఒక కారణం. చట్టం ఇంకొక కారణం. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం అప్పట్ల ఆడవాళ్లను పొద్దున 6 నుంచి రాత్రి 7 దాకనే పనిలో పెట్టుకోవాల్సి ఉండె. మన భద్రత కోసమే ఆ నియమం పెట్టిండ్రు. కానీ మూడు షిఫ్టులు నడిచే ఫ్యాక్టరీల "మీరు రాత్రి షిఫ్టుకు రారు కదా" అని ఆడోళ్లను తీసుకోకపోవడానికి అది ఒక సాకు కూడా అయ్యింది. అదే చట్టంల ముప్పై మంది కంటే ఎక్కువ ఆడోళ్లు పనిచేసే ఫ్యాక్టరీల పిల్లల కోసం క్రెష్ ఉండాలని కూడా ఉండె. ఆ లెక్క దాటకుండ రిజిస్టర్ల పేర్లు తక్కువ రాసుకునే యూనిట్ల గురించి మా అక్కలు కథలు కథలుగ చెప్తరు.

కాబట్టి మన ఆడోళ్లకు దొరికింది చిన్న యూనిట్లల్ల పని. మాత్రలు ప్యాక్ చేసుడు, సీసాలకు లేబుళ్లు అంటించుడు, బిస్కట్లు డబ్బాల పేర్చుడు, వైర్లు చుట్టుడు, అట్టపెట్టెలు కుట్టుడు. జీతం తక్కువే. కానీ రెండు మేళ్లు ఉండె. ఒకటి, పని ఇంటికి దగ్గర. బడి టైముకు పిల్లలను పంపి, మధ్యాహ్నం ఇంటికొచ్చి ఇంత తిని, మళ్ల పోయేటోళ్లు. రెండు, కొన్ని యూనిట్లల్లనన్నా పీఎఫ్, ఈఎస్ఐ ఉండేది. నాచారం ఈఎస్ఐ దవాఖాన మన దిక్కు ఎన్ని కాన్పులు చేసిందో, ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో మనందరికీ తెలుసు. ఈఎస్ఐ కార్డు ఉన్న ఇంట్ల జబ్బు చేస్తే అప్పు కాదు. కార్డు లేని ఇంట్ల జబ్బు చేస్తే మన సంఘం తలుపు కొడతరు.

ఇంకొకటి కూడా మరువద్దు. ఫ్యాక్టరీ వచ్చిన ప్రతి చోట మేలే జరగలేదు. పటాన్‌చెరు దిక్కు రసాయనాల నీళ్లు నక్కవాగుల కలిసి చేన్లు, బావులు పాడైన సంగతి కోర్టుల దాకా పోయింది. మన దిక్కు కూడా రాత్రిపూట వాసనకు కిటికీలు మూసుకొని పడుకున్న రోజులున్నయి. పని కావాలని అడిగేటప్పుడు ఎట్లాంటి పని అని కూడా అడగాలని ఆ శివారు మనకు నేర్పింది.

గేట్లు మూసుకున్న కాలం

1991ల దేశం ఆర్థిక విధానం మారింది. ప్రభుత్వ కంపెనీలకు పాత అండ తగ్గింది. ఐడీపీఎల్‌ను 1992ల ఖాయిలా పడ్డ కంపెనీ అని ప్రకటించిండ్రు. 1990లల్లనే ఆల్విన్ కూడా పాత ఆల్విన్‌గ మిగలలేదు. ఇట్ల ఒక్కొక్క తల్లి కంపెనీ కుంటుపడేటప్పటికి దాని చుట్టూ ఉన్న పిల్ల యూనిట్లు కూడా ఆగమైనయి.

అయితే పని మొత్తం మాయం కాలేదు. ఐడీపీఎల్‌ల పని నేర్చుకున్నోళ్లు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టుకున్నరు. 1984ల డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి గారు కూడా అంతకు ముందు ఐడీపీఎల్‌ల పని చేసినాయనే. అట్ల హైదరాబాద్ మందుల తయారీకి పేరు తెచ్చుకున్నది. అంటే సర్కారు కంపెనీ మూతపడ్డా అది నేర్పిన పని బతికింది.

కానీ పని ఇచ్చే తీరు మారిపోయింది. పర్మినెంటు పోయి కాంట్రాక్టు వచ్చింది. కంపెనీకి, మనకు నడుమ మేస్త్రి వచ్చిండు, ఏజెన్సీ వచ్చింది. "నువ్వు మా మనిషివి కాదు, ఏజెన్సీ మనిషివి" అనే మాట మా అక్కలు చాలామంది విన్నరు. పదేండ్లు ఒకే బల్ల దగ్గర నిలబడి పనిచేసినా, కంపెనీ ఎత్తేసిన రోజు చేతిల కాగితం ముక్క లేకుండ బయటికొచ్చిన వాళ్లున్నరు. వాయిదా కట్టలేకపోయిన మా అక్కది కూడా అదే కథ.

ఆ తర్వాత 2013ల కాలుష్యం వదిలే పరిశ్రమలు ఔటర్ రింగు రోడ్డు బయటికి పోవాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. గాలి, నీళ్లు బాగుపడాలంటే అది అవసరమే. మేం కాదనం. కానీ మిషన్లు లారీల మీద పోయినయి, మనుషులు ఎట్ల పోవాలె? పెండ్లయి, పిల్లలుండి, అత్తమామలను చూసుకునే మనిషి నలభై, యాభై కిలోమీటర్ల అవతలికి పోలేదు. మొగోడు బండి మీద పోగలడు, లేకుంటే అక్కడనే రూము తీసుకొని ఉండగలడు. అందుకే ఫ్యాక్టరీ జరిగినప్పుడల్లా ముందు పని పోయేది ఆడోళ్లకే.

పడమర మెరిసిన కాలం

ఇటు గేట్లు మూతపడుతున్న రోజులల్లనే అటు దిక్కు కొత్త గేటు తెరుచుకున్నది. 1998 నవంబర్ 22న మాదాపూర్‌ల సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధానమంత్రి వాజ్‌పేయి గారు ప్రారంభించిండ్రు. ఎల్ అండ్ టీ, ఏపీఐఐసీ కలిసి కట్టినయి. గమనించండి, మన ఐడీఏలు పెంచిన ఏపీఐఐసీనే అక్కడ హైటెక్ సిటీల కూడా భాగస్వామి.

పడమర దిక్కే ఎందుకు? మేం అడిగిన వాళ్లు, చదివిన పుస్తకాలు చెప్పింది ఇది. అక్కడ బండల భూములు, ప్రభుత్వ భూములు చాలా ఉండె. 1974ల ఏర్పడ్డ సెంట్రల్ యూనివర్సిటీ గచ్చిబౌలిలనే ఉంది. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ దగ్గర. కంప్యూటర్ పనికి రైలు పట్టాలు అక్కరలేదు, బొగ్గు అక్కరలేదు. కరెంటు, ఫోను తీగె, పెద్ద రోడ్డు, విమానాశ్రయం ఉంటే చాలు.

ఒకటి వచ్చినంక దాని వెంట ఇంకొకటి వచ్చింది. 2001ల ఆ ప్రాంతం కోసమే సైబరాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీ పెట్టిండ్రు. అదే ఏడు ఐఎస్‌బీ తెరిచిండ్రు. 2002ల జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిల స్టేడియం కట్టిండ్రు. 2008ల శంషాబాద్ విమానాశ్రయం వచ్చింది, గచ్చిబౌలిని దానితో కలిపే రింగు రోడ్డు ముందుగ వచ్చింది. ఒక దిక్కు రోడ్డు వేస్తే కంపెనీ వస్తది, కంపెనీ వస్తే ఇంకా పెద్ద రోడ్డు వేస్తరు. ఉన్న దగ్గరికే ఉన్నది పోయి చేరుతది.

ఆ అద్దాల ఆఫీసులల్ల ఇంజనీర్లకే కాదు, చదువు లేనోళ్లకు కూడా పని పుట్టింది. హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, క్యాంటీన్, హాస్టల్ వంట, ఇండ్లల్ల పని, చిన్న పిల్లలను చూసుకునే పని, బ్యూటీ పార్లర్. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చి ఆ పనుల చేరినోళ్లు ఎందరో. మన తల్లి కంపెనీ చుట్టూ పిల్ల యూనిట్లు ఉన్నట్టే అక్కడ ఆఫీసు చుట్టూ ఈ పనులు. తేడా ఒక్కటే. మన దిక్కు కార్మికుడు కాలం గడిచినకొద్దీ ఫిట్టరో, ఆపరేటరో అయ్యేటోడు. అక్కడ చీపురు పట్టిన చేతికి పదేండ్లయినా చీపురే.

అక్కడ ఉన్నోళ్లకు అంతా సుఖమే అని మేం చెప్పం. ఆ ఊర్ల పాత రైతులు భూములు అమ్ముకున్నరు. కొందరు లాభపడ్డరు, కొందరు అమ్మిన భూమిల కట్టిన బిల్డింగుకే వాచ్‌మెన్ అయిండ్రు. కిరాయిలు మన కన్నా చాలా ఎక్కువ. మా అక్క తోటికోడలు ఒక్క రూముల నలుగురితో ఉంటది. కానీ ఆమెకు పని దగ్గర. అదే ఆమెకున్న ఆస్తి.

బస్సు టైము కూడా లెక్కల రాయాలె

ఇప్పుడు మొదట చెప్పిన లెక్కకు వస్తం. మీటింగుల బోర్డు మీద రాసి చూసినం.

మా అక్క పొద్దున నాలుగుంబావు దాటంగనే లేచి, నాలుగు ముప్పావుకు ఇంటి నుంచి బయలుదేరుతది. రెండు బస్సులు మారి ఏడింటికి డ్యూటీ ఎక్కుతది. మూడింటికి డ్యూటీ దిగి, అయిదుంబావుకు ఇల్లు చేరుతది. పని ఎనిమిది గంటలు, దారి నాలుగున్నర గంటలు. నెలకు 26 రోజులు.

జీతం 11 వేలు. పని గంటలే లెక్కేస్తే నెలకు 208 గంటలు, గంటకు సుమారు 53 రూపాయలు. దారి గంటలు కూడా కలిపితే నెలకు 325 గంటలు, గంటకు సుమారు 34 రూపాయలు. తోటికోడలుకు రానుపోను గంట పడుతది. ఆమెకు 234 గంటలు, గంటకు 47 రూపాయలు. అంతేకాదు, మిగిలిన టైముల ఆమె సాయంత్రం రెండు ఇండ్లల్ల పని చేసి ఇంకో 5 వేలు తెచ్చుకుంటది. మా అక్కకు ఇంటికొచ్చినంక వంట చేసే ఓపికే ఉండదు. ఆమె ఇల్లు వదిలే టైముకు చిన్న పిల్ల లేవదు. ఆ పిల్లను బడికి తయారు చేసినందుకు పక్కింటామెకు నెలకు ఇంత అని ఇస్తది.

బోర్డు మీద ఆ లెక్క చూసి ఎవరూ మాట్లాడలేదు. మొగడు తాగుతడేమో అన్న ఆమెనే లేచి, "తప్పు మాట అన్న అక్కా" అన్నది.

రైలు, మెట్రో లేవా అంటే, ఉన్నయి. కానీ అవి ఎవరికి ఎప్పుడు అందినయో చూడాలె. 2003 ఆగస్టుల ఎంఎంటీఎస్ మొదలైనప్పుడు లింగంపల్లి దిక్కుకు వేసిండ్రు. మన మౌలాలి, చర్లపల్లి, ఘట్‌కేసర్ దిక్కు రెండో దశల పెట్టిండ్రు. ఘట్‌కేసర్ నుంచి లింగంపల్లికి బండి మొదలైంది 2024 మార్చిల. ఇరవై ఏండ్ల తేడా. 2017 నవంబర్‌ల నాగోల్ నుంచి అమీర్‌పేట దాకా, 2019ల హైటెక్ సిటీ, రాయదుర్గం దాకా మెట్రో వచ్చింది. మంచిదే. కానీ నాచారంల, మల్లాపూర్‌ల, ఈసీఐఎల్‌ల స్టేషన్ లేదు. హబ్సిగూడకో, ఉప్పల్‌కో పోయి ఎక్కాలె. మొదటి మెట్రో ఆరింటికి. ఏడింటి డ్యూటీకి అది అందదు. ఇక టికెట్టు పైసలు వేరే.

2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడోళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. మా సంఘాలల్ల దాని మేలు మేం కండ్లారా చూసినం. దూరం పనికి పోనీకి భయపడ్డ అక్కలు ఆ ధైర్యంతోనే పోతున్నరు. టికెట్టు పైసలు మిగిలినయి. కానీ టైము మిగలలేదు.

ఇంకొక సంగతి మా అక్క చెప్పింది. ఆ ఆఫీసుల రాత్రి డ్యూటీ చేసే ఇంజనీర్ ఆడపిల్లలకు ఇంటిదాకా క్యాబ్ ఉంటది. అది న్యాయమే, ఉండాలె. రాత్రి పూట ఆడోళ్లు పని చేయాలంటే బండి, భద్రత ఇయ్యాలని షరతు పెట్టిండ్రు. మరి చీకటి ఉండంగనే ఇంటి నుంచి బయలుదేరే ఊడ్చే ఆమెకు? ఆమె ఏజెన్సీ మనిషి. ఆమెది "పగటి డ్యూటీ" అని రాసి ఉంటది. నాలుగు ముప్పావు పగలు ఎట్ల అయ్యిందో మాకు తెలియదు.

మన దిక్కు ఇప్పుడు ఏం జరుగుతున్నది

అంతా పోయిందని నిరాశ పడొద్దు. ఈసీఐఎల్, ఎన్ఎఫ్‌సీ ఉన్నయి. చర్లపల్లి, నాచారం, మల్లాపూర్‌ల నడిచే యూనిట్లు ఇంకా ఉన్నయి. పోచారంల ఇన్ఫోసిస్ క్యాంపస్ ఉంది. ఉప్పల్‌ల జెన్‌ప్యాక్ట్ ఉంది. 2020 డిసెంబర్‌ల రాష్ట్ర ప్రభుత్వం గ్రిడ్ విధానం తెచ్చింది. ఐటీ అంతా పడమరనే కుప్ప పడకుండ నగరం నలుదిక్కులా పరుచుకోవాలన్నది దాని ఉద్దేశం. 2025 జనవరిల చర్లపల్లి కొత్త రైల్వే టెర్మినల్ ప్రారంభమైంది. నూటయాభై ఏండ్ల కింద రైలు పట్టాలే మన దిక్కు పని తెచ్చినయి. ఇప్పుడు మళ్ల రైలు మన ముంగిట్లకు వచ్చింది.

కానీ పాత ఐడీఏ రోడ్ల మీద నడిస్తే ఇంకోటి కూడా కనపడుతది. షెడ్డు ఉన్న దగ్గర గోదాము వచ్చింది, ఫంక్షన్ హాలు వచ్చింది, అపార్టుమెంటు వచ్చింది. ముప్పై మంది ఆడోళ్లు పనిచేసిన షెడ్డు గోదామైతే నలుగురు హమాలీలకే పని దొరుకుతది. భూమి ధర పెరిగింది, పని తగ్గింది. కొత్తగ ఏం వచ్చినా దాంట్ల మనకెన్ని పనులు అని అడిగే నోరు మనకుండాలె.

ఇక్కడ మన తప్పు కూడా ఒప్పుకోవాలె. కంపెనీలు పోయినప్పుడల్లా మన సమాఖ్య చేసింది ఒక్కటే, కుట్టు మిషన్లకు అప్పులిచ్చుడు. ఒకే గల్లీల పది మిషన్లు అయినయి. పది మందీ అదే గల్లీల వాళ్ల జాకెట్లే కుట్టాలె. రేటు పడిపోయింది. రెండేండ్లకు సగం మిషన్ల మీద బట్టలు ఆరేస్తున్నరు. పని లేని దగ్గర అప్పు ఇస్తే అప్పు పెరుగుతది, పని పుట్టదు. ఇది మేం ఆలస్యంగ నేర్చుకున్నం.

మేం తెలుసుకున్నది

పని ఒక దిక్కు ఉండుడు, ఇంకో దిక్కు లేకపోవుడు దేవుడు రాసింది కాదు, ఆ దిక్కు మనుషుల తెలివిల తేడా కూడా కాదు. మొదట రైలు ఎటు వేసిండ్రో అటు పోయింది. తర్వాత సర్కారు భూమి ఎక్కడ ఇచ్చిందో అక్కడికి పోయింది. ఆ తర్వాత పెద్ద రోడ్డు, విమానాశ్రయం ఎటు ఉంటే అటు పోయింది. ప్రతిసారీ ఎవరో కూర్చొని నిర్ణయం చేసిండ్రు. ఆ కూర్చున్న దగ్గర పొద్దున నాలుగు ముప్పావుకు ఇల్లు వదిలే మనిషి లేదు. నిర్ణయంతోటి అయిన తేడా నిర్ణయంతోటి తగ్గుతది. అందుకే అడగాలె.

ఈ ఏడు సర్వసభ్య సమావేశంల చేసిన తీర్మానాలు ఇవి.

1. ఫ్యాక్టరీ మూతపడో, జరిగిపోయో పని పోయిన సభ్యురాలికి వాయిదాలు తిరిగి రాసి గడువు ఇయ్యాలె. ఎగవేసిన వాళ్ల జాబితాల ఆమె పేరు రాయొద్దు.

2. జీవనోపాధి ప్రణాళిక ఫారంల జీతం గడి పక్కన "దారి గంటలు" అనే గడి కలపాలె. ప్రతి సంఘం తన సభ్యుల లెక్క రాయాలె.

3. తెల్లవారుజామున మా దిక్కు నుంచి కొండాపూర్ దాకా మార్చకుండ పోయే బస్సు కావాలని డిపోల వినతిపత్రం ఇయ్యాలె. ఎంఎంటీఎస్ బండ్లు డ్యూటీ టైముకు కావాలని రైల్వేకు రాయాలె.

4. ప్యాకింగ్, అసెంబ్లీ, లేబులింగ్ పని వచ్చిన సభ్యుల పేర్లు, అనుభవం ఒక రిజిస్టర్ల రాసి, మన ఐడీఏలల్ల నడిచే యూనిట్లకు మనమే పోయి చూపించాలె. ఏజెన్సీ నడుమ లేకుండ అడగాలె. పీఎఫ్, ఈఎస్ఐ ఉందా అని మొదటి రోజే అడగాలె.

5. బస్తీ కమ్యూనిటీ హాలుల పొద్దున అయిదు నుంచి నడిచే పిల్లల కేంద్రం సమాఖ్య డబ్బుతో మొదలుపెట్టాలె.

6. కుట్టు మిషన్ అప్పు ఇచ్చే ముందు ఆ గల్లీల మిషన్లు ఎన్నున్నయో చూడాలె.

వీటిలో మొదటిది అయ్యింది. ఆ అక్క వాయిదాలు తిరిగి రాసినం, నాలుగు నెలల నుంచి తప్పకుండ కడుతున్నది. పిల్లల కేంద్రం ఇద్దరు ఆయాలతో నడుస్తున్నది, అందుల ఆమె చిన్న బిడ్డ కూడా ఉంటది. రిజిస్టర్ల పేర్లు ఎక్కుతున్నయి, రెండు యూనిట్లు కొందరిని పిలిచినయి. బస్సు ఇంకా రాలేదు. వినతిపత్రం ఇచ్చినట్టు ముద్ర వేసిన కాగితం మన ఫైలుల ఉంది. మళ్ల పోతం.

వచ్చే ఏడు ఈ నివేదిక రాసే అక్కాచెల్లెళ్లకు మా విన్నపం ఒక్కటే. ఇవ్వాళ్టి మన లెక్కలు రేపటికి చరిత్ర. దారి గంటల గడి నింపుడు మరువొద్దు. ఆ అంకెలు తగ్గినయా, పెరిగినయా అన్నది అప్పుడు మీరు రాయాలె.

ఇట్లు,
సమాఖ్య కార్యవర్గం తరఫున
ఒక పొదుపు సంఘం లీడర్లు